పాఠకుల ప్రశ్నలు – వైద్యుని జవాబులు: లైసోజోము వ్యాధులకు జన్యుచికిత్స

ఈ నెల బరంపురంలోని మా చిరునామాకు వచ్చిన ఉత్తరాలలో అయిదు ఒకే విషయం గురించి అడిగాయి. అందువల్ల జలుబు, దగ్గు, టీకాల ప్రశ్నలను వచ్చే సంచికకు ఉంచి, ఈసారి ఈ శీర్షికను లైసోజోము వ్యాధులకే కేటాయిస్తున్నాను. ఉత్తరాలను కుదించి ఇస్తున్నాను. రాసినవారి పేర్లు వారి కోరిక మేరకు ప్రకటించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారములు. మా చెల్లెలి పెద్దబాబు ఏడాదిన్నర వయసు దాకా అందరి పిల్లల్లాగే నడిచాడు. ఆ తర్వాత గడప దాటబోతూ పడిపోవడం మొదలుపెట్టి, నడక, మాట, చివరకు మింగడం కూడా పోయి, నాలుగో ఏట చనిపోయాడు. మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రోఫీ అని వైద్యులు చెప్పారు. ఇప్పుడు ఆమెకు ఎనిమిది నెలల పాప ఉంది. పాప ఆరోగ్యంగానే ఉంది. ఇటలీలో లూయిజీ నాల్దీని అనే శాస్త్రవేత్త ఈ వ్యాధికి జన్యుచికిత్స మీద పరిశోధన చేశారని మా అబ్బాయి చెప్పాడు. అదేమిటో, మా పాపకు దాని అవసరం ఉంటుందో లేదో వివరించగలరు. – ఒక పాఠకురాలు, పర్లాకిమిడి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ఈ జవాబు చివరిదాకా చదవకముందే మీ చెల్లెలితో మాట్లాడి పాపకు పరీక్ష చేయించే ఏర్పాటు చూడండి. పాప ఆరోగ్యంగానే ఉందని రాశారు. ఒకవేళ పాపకు కూడా అన్నకు వచ్చిన జబ్బే ఉంటే, చికిత్సకు అనువైన కాలం ఈ ఆరోగ్యంగా కనిపిస్తున్న నెలలే. ఇది తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే జన్యు లోపం కాబట్టి, పాప అసలు జబ్బు లేకుండా పుట్టి ఉండే అవకాశమే ఎక్కువ, నాలుగింట మూడు వంతులు. కానీ మిగిలిన ఆ ఒక్క వంతును కనిపెట్టవలసింది ఇప్పుడే.

ఎందుకో చెబుతాను. మన ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ లైసోజోములు అనే చిన్న చిన్న సంచులు ఉంటాయి. బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ ద దూవ్ 1955లో వీటికి పేరు పెట్టారు. ఈ కృషికే ఆయనకు 1974లో నోబెల్ బహుమతి వచ్చింది. చిల్లుపడిన బిందెలనూ, సొట్టపోయిన చెంబులనూ కంచరి తన కొలిమిలో కరిగించి కొత్త సామానుకు ఇత్తడి తీసినట్లు, కణంలో అరిగిపోయిన కొవ్వులనూ చక్కెర గొలుసులనూ ఈ సంచులు విడగొట్టి తిరిగి వాడుకకు ఇస్తాయి. ఈ పనికి ఎంజైములు అనే పనిముట్లు పదుల సంఖ్యలో కావాలి. వాటిలో ఏ ఒక్కటి పుట్టుకతో లేకపోయినా, దానివల్ల విడిపోవలసిన పదార్థం కరగక కుప్పపడుతుంది. ఇలా ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క జబ్బు చొప్పున యాభైకి పైగా లైసోజోము వ్యాధులు ఉన్నాయి. మీ బాబుకు లేనిది ఎరిల్‌సల్ఫటేజ్ ఎ అనే ఎంజైము. అది లేకపోతే సల్ఫటైడ్ అనే కొవ్వు కరగదు. నరాల చుట్టూ ఉండే మైలిన్ పొర దెబ్బతింటుంది. నడక నేర్చిన పిల్లవాడు గడప దగ్గర పడిపోవడానికి కారణం ఇదే. ఒకసారి పోయిన పొరను ఇంతవరకు ఏ చికిత్సా తిరిగి తెచ్చి పెట్టలేదు.

నాల్దీని పరిశోధన అర్థం కావాలంటే ముందు అమెరికాలో ఎలిజబెత్ న్యూఫెల్డ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త చేసిన ఒక ప్రయోగాన్ని చెప్పుకోవాలి. నాకు తెలిసిన ప్రయోగాలలో ఇంత సులువైనదీ ఇంత దూరం ప్రయాణించినదీ మరొకటి లేదు. హర్లర్, హంటర్ అనేవి రెండు లైసోజోము వ్యాధులు. రెండింటిలోనూ ఒకే రకమైన చక్కెర గొలుసులు కణంలో పేరుకుపోతాయి. ఆమె, ఆమె సహచరులు ఈ రెండు జబ్బుల పిల్లల చర్మకణాలను ఒకే గాజు పాత్రలో కలిపి పెంచారు. విడివిడిగా పెంచినప్పుడు చెత్తతో నిండిపోయిన కణాలు, కలిపి పెంచినప్పుడు రెండూ మామూలుగా అయిపోయాయి. ఒక కొలిమిలో సుత్తి లేదు, మరొక కొలిమిలో పట్టకారు లేదు. రెండింటినీ ఒకే పందిరి కిందికి చేరిస్తే ఒకరి పనిముట్టు మరొకరు తీసుకుని ఇద్దరూ పని సాగించారు. 1968లో ప్రచురించిన ఈ ఫలితం ఒక గొప్ప విషయాన్ని బయటపెట్టింది. కణం తాను తయారుచేసిన ఎంజైములో కొంత బయటికి వదులుతుంది, పక్క కణం దాన్ని లోపలికి తీసుకుని తన సంచికి చేర్చుకుంటుంది. ఎంజైము మీద మానోజ్-6-ఫాస్ఫేట్ అనే గుర్తు చిరునామా చీటీలా అంటుకుని ఉంటుందనీ, దాన్ని చూసే పక్క కణం లోపలికి తీసుకుంటుందనీ ఆ తర్వాతి దశాబ్దంలో తేలింది.

అంటే ఒంట్లోని కోట్లాది కణాలలో ప్రతిదాన్నీ సరిచేయనక్కరలేదు. కొన్ని కణాలను సరిచేసి, అవి ఎంజైమును దండిగా తయారుచేసి చుట్టూ పంచేలా చూస్తే చాలు. లైసోజోము వ్యాధుల జన్యుచికిత్స మొత్తం ఈ ఒక్క పునాది మీదే నిలబడింది.

ఇక మిగిలిన చిక్కు మెదడు. రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను సెలైనులో ఎక్కించిన ఎంజైము దాటలేదు. కానీ ఎముక మజ్జలో ఉండే రక్త మూలకణాల సంతతిలో కొన్ని మెదడులోకి చేరి అక్కడే కాపురం పెడతాయి. నాల్దీని ఆలోచన ఈ దారిని పట్టుకుంది. ఆయన 1996లో అమెరికాలోని సాక్ ఇన్‌స్టిట్యూట్‌లో, మన దేశంలో పుట్టిన ఇందర్ వర్మతోనూ దిదియే త్రోనోతోనూ కలిసి, విభజన చెందని కణాలలోకి సైతం జన్యువును మోసుకుపోగల లెంటీవైరస్ (హెచ్ఐవీ జాతి వైరస్) వాహకాన్ని తయారుచేశారు. తర్వాత మిలాన్‌లోని సాన్ రఫాయేల్-టెలిథాన్ సంస్థలో ఆయనా, అలెస్సాండ్రా బిఫీ, ఇతర సహచరులూ దాన్ని ఈ జబ్బుకు మలిచారు. ఆ సంస్థ వెనుక ఉన్న టెలిథాన్ నిధి టెలివిజన్ కార్యక్రమాల ద్వారా సామాన్య ప్రజల నుంచి విరాళాలు పోగుచేసే నిధి. అరుదైన జబ్బు కదా అని పెద్ద కంపెనీలు పట్టించుకోని రోజుల్లో ఈ పరిశోధన సాగిందంటే, ఆ చిన్న చిన్న విరాళాల పుణ్యం అందులో చాలా ఉంది.

చికిత్స జరిగే తీరు ఇది. పిల్లవాడి నుంచే రక్త మూలకణాలను సేకరిస్తారు. ప్రయోగశాలలో వాహకం సహాయంతో వాటిలోకి సరైన జన్యువును చేరుస్తారు. ఈలోగా బుసల్ఫాన్ అనే మందుతో పిల్లవాడి పాత మజ్జను ఖాళీచేసి, సరిచేసిన కణాలను సెలైను పెట్టినట్లే నరంలోకి ఎక్కిస్తారు. అవి మజ్జలో నాటుకుని, వాటి పిల్ల కణాలు మెదడుకు చేరి, మామూలు కంటే ఎక్కువగా ఎంజైమును తయారుచేసి చుట్టూ ఉన్న కణాలకు పంచుతాయి. కణాలు పిల్లవాడివే కాబట్టి దాత కోసం వెతకనక్కరలేదు, ఒళ్లు వాటిని పరాయివిగా తిప్పికొట్టదు. మిలాన్‌లో 2010లో పిల్లలకు ఇవ్వడం ప్రారంభించారు. మొదటి ముగ్గురి వివరాలు 2013లోనూ, 29 మంది పిల్లల వివరాలు 2022లోనూ వెలువడ్డాయి. లక్షణాలు మొదలుకాకముందే చికిత్స అందుకున్న పిల్లలలో చాలామంది నడుస్తున్నారు, మాట్లాడుతున్నారు. యూరప్ 2020 డిసెంబరులోనూ, అమెరికా 2024 మార్చిలోనూ దీనికి అనుమతి ఇచ్చాయి.

కానీ అమ్మా, మెదడుకు చేరిన కణాలు అక్కడ స్థిరపడి సరిపడా ఎంజైము ఇవ్వడానికి నెలలు పడుతుంది. పడిపోవడం మొదలైన పసిపిల్లలో జబ్బు అంతకంటే వేగంగా నడుస్తుంది. అందుకే పసితనంలోనే మొదలయ్యే ఈ రూపానికి చికిత్సను లక్షణాలు రాకముందే ఇస్తారు. చికిత్స అందుకున్న పిల్లలలో చాలామంది, ఇంట్లో పెద్ద బిడ్డకు జబ్బు బయటపడినందువల్ల పరీక్షకు వచ్చిన తమ్ముళ్లూ చెల్లెళ్లే. పోయిన బాబు తన చెల్లెలికి ఇచ్చి వెళ్లిన అవకాశం ఇది.

పరీక్ష విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. రక్తంలో ఈ ఎంజైము తక్కువగా ఉన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. ఏ జబ్బూ లేనివారిలో కూడా కొందరికి పుట్టుకతోనే ఈ ఎంజైము తక్కువగా ఉంటుంది. దాన్ని మిథ్యాలోపం అనవచ్చు. కాబట్టి ఎంజైము పరీక్షతో పాటు మూత్రంలో సల్ఫటైడ్ పరీక్షా, జన్యు పరీక్షా చేయించాలి. బాబు జన్యు నివేదిక ఇంట్లో ఉంటే పాపకు అదే మార్పు ఉందో లేదో చూడడం కొద్ది రోజుల పని. లేకపోతే తల్లిదండ్రులిద్దరి రక్తమూ పరీక్షకు పంపాలి. పరీక్ష ఎక్కడ, ఖర్చు ఎంత అన్నది కింద మరొక జవాబులో రాశాను.

ప్రశ్న: ఈ చికిత్సలో హెచ్ఐవీ వైరస్‌ను వాడతారని విని మా పాఠశాల ఉపాధ్యాయులందరం ఆశ్చర్యపోయాం. పిల్లలకు ఎయిడ్స్ రాదా? – ఒక ఉపాధ్యాయుడు, రాయగడ

జవాబు: రాదండి. నాల్దీని వాడిన వాహకానికి మూలం హెచ్ఐవీ అన్నది నిజమే, కానీ అందులో వైరస్ తనను తాను పెంచుకోవడానికి కావలసిన జన్యువులు లేవు. కణంలోకి చొరబడి, మోసుకొచ్చిన జన్యువును కణపు క్రోమోజోములో కుట్టిపెట్టే నేర్పు ఒక్కటే మిగిల్చారు. కోరలూ విషపు సంచీ కూడా తీసేసిన పాము అనుకోండి. ఒక్క విషయం మాత్రం తల్లిదండ్రులు కాగితం మీద రాసి ఉంచుకోవాలి: చికిత్స పొందిన పిల్లలకు కొన్ని రకాల హెచ్ఐవీ జన్యు పరీక్షలు చేస్తే, జబ్బు లేకపోయినా ఉన్నట్లు ఫలితం రావచ్చు.

అసలు భయపడవలసింది మరొకదాని గురించి. జన్యువును క్రోమోజోములో ఎక్కడ కుట్టామన్నది మన చేతిలో ఉండదు. అది కణం పెరుగుదలను అదుపుచేసే జన్యువు పక్కన పడి దాన్ని రెచ్చగొడితే రక్త క్యాన్సరు రావచ్చు. ఈ శతాబ్దం మొదట్లో పారిస్‌లో, పుట్టుకతో రోగనిరోధక శక్తి లేని పిల్లలకు పాత తరహా వాహకంతో చికిత్స చేసినప్పుడు కొందరికి అలాగే వచ్చింది. నాల్దీని తరం వాహకాలలో ఆ రెచ్చగొట్టే భాగాన్ని పనిచేయకుండా చేశారు. అయినా పూర్తిగా నిశ్చింతగా ఉండలేం. అడ్రినోల్యూకోడిస్ట్రోఫీ అనే వేరొక జబ్బుకు, అది లైసోజోము వ్యాధి కాదు, లెంటీవైరస్ చికిత్స పొందిన 67 మంది బాలురలో ఏడుగురికి రక్త క్యాన్సరు జబ్బులు వచ్చాయని 2024లో వెల్లడైంది. ఆ వాహకంలో జన్యువును నడిపించే మీట వేరు, మిలాన్ వాహకంలోని మీట వేరు. ఆ బాలురలో క్యాన్సరు రావడానికి ఆ మీటే ముఖ్యమైన కారణమని పరిశోధకుల అభిప్రాయం. చికిత్స పొందిన ప్రతి బిడ్డనూ ఏళ్ల తరబడి పరీక్షిస్తూ ఉండడానికి కారణం ఇదే. బుసల్ఫాన్ వల్ల పెద్దయ్యాక సంతానం కలగకపోయే ప్రమాదం ఉందని కూడా ముందే తెలుసుకోవాలి. చావు ఖాయమైన జబ్బుకు ఈ ప్రమాదాలు తలకెత్తుకోదగినవేనని నా అభిప్రాయం.

ఏఏవీ అనే మరొక చిన్న వైరస్‌ను నేరుగా నరంలోకో మెదడులోకో ఎక్కించే పద్ధతి మీద కూడా పరిశోధనలు జరుగుతున్నాయి. అందులో మజ్జను ఖాళీ చేయనక్కరలేదు. అయితే ఆ జన్యువు క్రోమోజోములో సాధారణంగా చేరదు కాబట్టి పిల్లవాడు పెరిగే కొద్దీ కాలేయంలో పలచబడిపోతుంది. ఒకసారి ఇచ్చాక ఒంట్లో ప్రతిరక్షకాలు తయారవడం వల్ల రెండోసారి ఇవ్వడం కష్టం.

ప్రశ్న: మా తమ్ముడి కొడుక్కి ఆరేళ్లు. రెండేళ్లుగా కడుపులో బల్ల (ప్లీహం) పెరుగుతోంది. మలేరియా అని మూడుసార్లు మందులు వాడారు. రాత్రిపూట తొడ ఎముకలు నొప్పని ఏడుస్తాడు. లైసోజోము వ్యాధి కావచ్చునా? – ఒక పాఠకుడు, గుణుపురం, రాయగడ జిల్లా

జవాబు: కావచ్చు. మన కొండ తాలూకాలలో బల్ల పెరిగిందంటే మొదట మలేరియానూ, తర్వాత సికిల్ సెల్, తలసీమియాలనూ అనుమానించడం సరైన పద్ధతే. ఎక్కువమంది పిల్లలకు కారణం అదే అవుతుంది. కానీ రక్తంలో మలేరియా క్రిమి కనిపించకుండానే పదేపదే మందు ఇవ్వడం, బల్ల మాత్రం తగ్గకపోవడం, దానికి తోడు ఎముకల నొప్పి, రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గడం, ఎదుగుదల లేకపోవడం కనిపిస్తే గాషే వ్యాధి పరీక్ష తప్పనిసరిగా చేయించాలి. ఇది కూడా లైసోజోము వ్యాధే. మజ్జను సూక్ష్మదర్శినిలో చూస్తే కొవ్వు నిండిన కణాలు నలిపి విప్పిన పల్చటి కాగితంలా కనిపిస్తాయి.

పరీక్ష చాలా సులువు. వేలి నుంచో నరం నుంచో తీసిన నాలుగు రక్తపు చుక్కలను మందమైన వడపోత కాగితపు కార్డు మీద వేసి, నీడలో, గదిలోని మామూలు గాలికి మూడు నాలుగు గంటలు ఆరనిచ్చి ప్రయోగశాలకు పంపితే ఎంజైము ఎంత ఉందో కొలిచి చెబుతారు. ఎండ తగిలినా, తేమ చేరినా ఎంజైము నశిస్తుంది. ఇది పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. చాలా ఏళ్ల క్రితం ఒక వానాకాలంలో, తెల్లవారితే పంపించాలన్న తొందరలో, నేనే ఒక పాప కార్డును కిటికీ గట్టు మీద ఎండలో ఆరబెట్టి పంపించాను. కార్డు పనికిరాదని జవాబు రావడానికే నెల దాటింది. ఆ తల్లి కొండ ఊరి నుంచి మళ్లీ వచ్చేసరికి ఇంకో నెల గడిచింది. ఆ రెండు నెలల్లో పాప బల్ల బొడ్డు కిందికి దిగింది. అప్పటినుంచి కార్డు ఆరేదాకా దాని పక్కన నేనే కూర్చుంటున్నాను.

గాషే వ్యాధిలో మెదడుకు సోకని మొదటి రకానికి ఎంజైమునే మందుగా ఎక్కించే చికిత్స 1991 నుంచి ఉంది. ఇది అమెరికా శాస్త్రవేత్త రోస్కో బ్రాడీ జీవితకాలపు కృషి. మొదట్లో కాన్పుల తర్వాత పారేసే మాయల నుంచి ఈ ఎంజైమును తీసేవారు. ఒక్క రోగికి ఒక్క ఏడాది మందు కోసం వేల మాయలు కావలసి వచ్చేవి. 1994 నుంచి ప్రయోగశాలలో పెంచిన కణాలతో తయారుచేస్తున్నారు. మందు పడితే బల్ల తగ్గుతుంది, ఎముకలు కుదుటపడతాయి. కానీ దాన్ని రెండు వారాలకొకసారి జీవితాంతం ఎక్కించాలి. గాషేకు జన్యుచికిత్స ఇంకా ప్రయోగ దశలోనే ఉంది.

ప్రశ్న: ఇన్ని చికిత్సలున్నా మనలాంటివారికి అందేవేనా? ఎక్కడికి వెళ్లాలి? – ఒక పాఠకుడు, జయపురం, కోరాపుట్ జిల్లా

జవాబు: ధర విషయంలో మీ ఆవేదన న్యాయమైనది. మిలాన్‌లో పుట్టిన ఆ జన్యుచికిత్సకు అమెరికాలో పెట్టిన ధర 42.5 లక్షల డాలర్లు, అంటే అప్పటి మారకపు రేటులో సుమారు 35 కోట్ల రూపాయలు. ప్రజల విరాళాలతో మొలకెత్తిన పరిశోధన చివరకు ఇంత ధరకు చేరడం నన్ను బాధపెడుతుంది.

మన దేశంలో 2021 నాటి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద గుర్తించిన కేంద్రాలలో నమోదైన రోగికి 50 లక్షల రూపాయల దాకా సహాయం అందుతుంది. మనకు దగ్గరలో ఉన్నవాటిలో రెండు: హైదరాబాదులో డీఎన్ఏ పరిశోధన కేంద్రమైన సీడీఎఫ్‌డీతో కలిసి పనిచేసే నిమ్స్ ఆసుపత్రి, కోల్‌కతాలో ఎస్ఎస్‌కేఎం ఆసుపత్రికి అనుబంధమైన ఐపీజీఎంఈఆర్. జయపురం వారికీ పర్లాకిమిడి వారికీ భాష రీత్యా హైదరాబాదు సులువు. పాత నివేదికలన్నీ, ఒక్క చీటీ కూడా వదలకుండా, వెంట తీసుకుపోండి. హర్లర్ వంటి కొన్ని జబ్బులకు దాత మజ్జ మార్పిడి మన దేశంలోనే జరుగుతోంది. రెండేళ్లు నిండేలోగా చేస్తే మెదడు చాలావరకు నిలుస్తుంది.

జన్యుచికిత్స మనకు అందని ద్రాక్షగానే మిగిలిపోతుందని నేను అనుకోవడం లేదు. రాయవేలూరు క్రిస్టియన్ మెడికల్ కళాశాల వైద్యులు హిమోఫీలియా ఎ ఉన్న అయిదుగురికి లెంటీవైరస్‌తో సరిచేసిన వారి సొంత మూలకణాలనే ఎక్కించి, వారిలో రక్తస్రావాలు ఆగిపోయాయని 2024 డిసెంబరులో ప్రకటించారు. జబ్బు వేరు కావచ్చు, కానీ మూలకణాలు తీయడం, సరిచేయడం, తిరిగి ఎక్కించడం అన్న చేతిపని అదే. ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు మన దేశంలో ఉన్నాయి.

ప్రశ్న: మాది మేనరికం. మొదటి బిడ్డ హర్లర్ వ్యాధితో పోయాడు. నలుగురిలో ఒకరికే వస్తుందన్నారు కాబట్టి, తర్వాతి ముగ్గురికీ రాదని మా అత్తగారు అంటున్నారు. ఇక్కడి ఒడియా ఇరుగుపొరుగువారు మాత్రం మేనరికమే కారణమని నా మొహం మీదే అంటున్నారు. – ఒక పాఠకురాలు, ఛత్రపురం, గంజాం జిల్లా

జవాబు: అమ్మా, మీ అత్తగారి మాట ఆశతో అన్నదే గానీ లెక్క అది కాదు. నాలుగింట ఒక వంతు అన్నది ప్రతి కాన్పుకూ కొత్తగా మొదలవుతుంది. ముందు పుట్టిన బిడ్డ సంగతి తర్వాతి బిడ్డకు వర్తించదు. ఇరుగుపొరుగువారి మాటలో నిజం ఉన్నా, నింద మాత్రం మీకు చెందదు. ఈ జబ్బు రావాలంటే చెడిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులుగా రావాలి. ఇలాంటి లోపాన్ని ఒక్క ప్రతిగా మోస్తున్నవారికి ఏ జబ్బూ ఉండదు, పరీక్ష చేయించుకుంటే తప్ప తెలిసే దారీ లేదు. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి జరిగితే పుట్టే బిడ్డలో ఒకే పూర్వీకుడి నుంచి వచ్చిన జన్యువు రెండు ప్రతులుగా కలిసే అవకాశం పదహారింట ఒక వంతు. అక్క కూతురిని చేసుకుంటే ఎనిమిదింట ఒక వంతు. ఒడియావారిలో సాధారణంగా మేనరికం లేదు, మనవారిలో ఉంది, తేడా అంతే. మేనరికం లేని ఇళ్లలోనూ ఈ జబ్బులు పుడతాయి.

టే-సాక్స్ అనే మరొక లైసోజోము వ్యాధి అష్కెనాజీ యూదులలో ఎక్కువగా ఉండేది. 1971 నుంచి వారు పెళ్లికి ముందో, బిడ్డ కోసం అనుకున్నప్పుడో రక్తపరీక్షలు చేయించుకోవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వారిలో ఈ జబ్బుతో పుట్టే పిల్లల సంఖ్య నూటికి తొంభై వంతులకు పైగా తగ్గింది. మన ఊళ్లలో జాతకాలు చూసే రోజునే రక్తం కూడా చూపించుకోమని నేను చాలా ఏళ్లుగా చెబుతున్నాను.

మీరు మరో బిడ్డ కోసం అనుకుంటున్నట్లయితే, గర్భం రాకముందే మీ ఇద్దరిలో ఉన్న జన్యు మార్పు ఏమిటో తేల్చుకుని, ఆ నివేదికను దగ్గర పెట్టుకోండి. అది చేతిలో ఉంటే గర్భం పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య మాయ ముక్కను పరీక్షించి బిడ్డ సంగతి చెప్పగలరు. అది లేకుండా పన్నెండో వారంలో నా దగ్గరికి వచ్చిన తల్లులు ఉన్నారు. వారి విషయంలో మార్పును వెతకడానికే ఉన్న వారాలన్నీ అయిపోయాయి.